లెక్కకు రాని నీళ్లు

థెస్సలొనీకిలో మా నీటి సరఫరా ఆఫీసు
సముద్రానికి వీపు తిప్పి కూర్చుంటుంది.
మూడో అంతస్తులో నా బల్ల, బల్ల మీద టెండరు ఫైలు.
వదిలిన నీళ్లలో మూడో వంతు ఏ మీటరుకీ చేరదు.
ఫైళ్ల భాషలో దానికో పేరుంది:
లెక్కకు రాని నీళ్లు.

అందుకే హైఫా నుంచి ఒరీత్ వచ్చింది,
రెండు అల్యూమినియం పెట్టెలు మోసుకుని.
లోపల అరచేతంత యంత్రాలు, వాటికి అయస్కాంతం పాదాలు.
పైపుకి అతికించి, రాత్రి రెండింటికి,
ఊరు ఊపిరి బిగబట్టినప్పుడు వినాలట.
"కారే నీరు అబద్ధమాడదు," అంది.
అమ్మేవాళ్ల మాటలే అనుకున్నాను.

ఒప్పందం మీద ఆమె ఇంటిపేరు చూసి
మా డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
సాల్తియేల్.
ఒకప్పుడు అలాంటి పేర్లు రేవు నిండా ఉండేవి.
శనివారం వాళ్లు రారని
ఓడలు సరుకు దించకుండా కాచుకునేవి.
ఇప్పుడు జనవరిలో దండలు పెడతాం,
మార్చిలో పాత స్టేషను దాకా నడుస్తాం,
ఏప్రిల్లో టెండర్లు పిలుస్తాం.

మొదటి రాత్రి యూనివర్సిటీ పక్క వీధి.
ఆ క్యాంపస్ కింద ఎవరున్నారో ఊరందరికీ తెలుసు.
తెలిసిన సంగతే కనుక ఎవరూ చెప్పరు.
ఒరీత్ హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది.
ముందు ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో అడుగున
నిద్రలో ఎవరో పళ్లు కొరికినట్టు
సన్నటి సొద.
"ఇక్కడే," అని సుద్దతో సున్నా చుట్టింది.

పొద్దున్నే స్తమాతిస్ తవ్వాడు.
గడ్డపార ఠంగుమంది. పైపు కాదు.
పాలరాతి పలక, సగం విరిగింది.
ఏ కాలపు మేస్త్రీయో దాన్ని పైపుకి దిండు చేశాడు.
తిరగేస్తే అక్షరాలు.
స్తమాతిస్ నా మొహంలోకి చూశాడు: కప్పేయమంటారా?
ఇన్నేళ్ల సర్వీసులో ఆ చూపుకి
నేనెన్నిసార్లు తలూపానో అతనికే తెలుసు.

ఒరీత్ అప్పటికే గుంట అంచున మోకరిల్లి
కుడి నుంచి ఎడమకి వేలు నడుపుతోంది,
గుడ్డివాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు.
"ఫలానా ఆమె, ఫలానావాడి కూతురు.
ఈ పక్క ఆమె పేరు పోయింది, ఆ పక్క నాన్న పేరు.
కూతురు అన్న మాటొక్కటి మిగిలింది."

పని మూడు రోజులు ఆగింది.
ఆలస్యానికి జరిమానా ఎవరిదన్నది పదమూడో క్లాజు.
ఇద్దరం కూర్చుని గట్టిగానే బేరమాడాం,
వ్యాపారంలో మొహమాటం ఎవరికీ కూడు పెట్టదు.
కారణం అన్న గడిలో ఆమె రాసింది: దారిలో ఒక మనిషి.
నేను కొట్టేసి, ఊహించని అడ్డంకి, అని రాశాను.
కాసేపటికి నా మాట నేనే కొట్టేశాను.
ఆ కాగితం అలాగే పైకి వెళ్లింది, రెండు కొట్టివేతలతో.

ఒరీత్‌కి చెప్పనిది ఒకటుంది.
పై ఊళ్లో మా అమ్మమ్మ ఎవ్‌దోకియా వంటింటి గడప
తెల్లటి పాలరాయి.
ఆగస్టు మధ్యాహ్నాల్లో దానికి చెంప ఆనించి పడుకునేదాన్ని.
అమ్మమ్మ దాన్ని ఏనాడూ తొక్కలేదు,
చేతిలో వేడి గిన్నె ఉన్నా సరే దాటేది.
ఏదో ఆచారం అనుకున్నాం.
అడిగితే, "రాయి జారుతుంది," అనేది.

మూడో రాత్రి ఒక యంత్రం అడక్కుండా సంచిలో వేసుకెళ్లాను.
ఇప్పుడా ఇల్లు నాది. దీపం వెయ్యలేదు.
రాయికి అయస్కాంతం అంటుకోదన్న సంగతి
ఇంజనీరునై ఉండీ మర్చిపోయాను.
రెండు చేతులా అదిమి పట్టుకుని విన్నాను.
నా నాడే వినబడింది. ఎంత సేపున్నా అదే.

తెల్లారాక ఒరీత్‌కి ఫోన్ చేశాను.
కాంట్రాక్టు గురించి కాదు, అన్నాను.
తర్వాత ఏమనాలో తోచక
గడప కొలతలు చెప్పాను: పొడవు, వెడల్పు, మందం.
అటువైపు చాలాసేపు ఏమీ లేదు.
వింటోందని మాత్రం తెలుస్తోంది.
"ఏ వీధి?" అంది.